పాత పింగాణీ పళ్ళాలను మొజాయిక్ ముక్కలుగా కత్తిరించడం: బీట ఎటు పోవాలో ముందుగా నిర్ణయించుకోవాలి

మీ ప్రశ్న సారాంశం ఇది. పాత పింగాణీ పళ్ళాలను తువ్వాలులో చుట్టి సుత్తితో కొడితే పనికివచ్చే ముక్కల కన్నా పనికిరాని పెంకులే ఎక్కువగా వస్తున్నాయి. చక్రాల నిప్పర్ (రెండు చిన్న చక్రాల మధ్య ముక్కను పట్టి కొరికే పటకారు) కొని వాడితే కొన్ని పళ్ళాలు చక్కగా తెగుతున్నాయి గానీ మరికొన్ని ఎటుపడితే అటు చిట్లుతున్నాయి. మధ్యలో ఉన్న పూలగుత్తి బొమ్మను చెడకుండా తీసి, అంచున ఉన్న తీగల పట్టీని దాని చుట్టూ అమర్చి, ఒక చిన్న బల్ల పైభాగాన్ని మొజాయిక్‌గా, అంటే ముక్కలను పక్కపక్కన అతికించిన నమూనాగా చేయాలన్నది మీ ఉద్దేశం, కానీ ప్రతిసారీ బొమ్మ మీదుగానే బీట పోతోంది. ఇంతకన్నా ఖరీదైన నిప్పర్ కొంటే ఈ ఇబ్బంది తీరుతుందా అని కూడా అడిగారు.

తీరదు. టంగ్‌స్టన్ కార్బైడ్ అనే చాలా గట్టి పదార్థపు చక్రాలున్న నిప్పర్ మీ దగ్గర ఇప్పటికే ఉంటే ఈ పనిలో ముప్పాతిక వంతు దానితోనే జరుగుతుంది. మీకు ఎదురవుతున్న ఇబ్బంది పరికరానిది కాదు, క్రమానిది. పింగాణీని మనం గుడ్డను కత్తిరించినట్టు కత్తిరించలేము. ఒకచోట బీటను మొదలుపెట్టడం వరకే మన చేతిలో ఉంటుంది. అది ఎంత దూరం, ఎటువైపు పోతుందన్నది పళ్ళెం ఆకారం, మందం, దాని మట్టి తీరు నిర్ణయిస్తాయి. కాబట్టి ఏ ముక్కను ముందు తీయాలి, దేన్ని చివరిదాకా తాకకుండా ఉంచాలి అన్నది తెలిస్తే మామూలు నిప్పర్‌తోనే బొమ్మను క్షేమంగా బయటికి తీయవచ్చు.

సుత్తి దెబ్బ ఎందుకు విఫలమవుతుందో ముందు చూద్దాం, ఎందుకంటే మిగిలిన విషయాలన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. సిరామిక్ పదార్థాలు నొక్కుడు బలాన్ని బాగా తట్టుకుంటాయి, లాగుడు బలాన్ని మాత్రం తట్టుకోలేవు. వాటిలో కంటికి కనిపించని సన్నని లోపాలు ఎప్పుడూ ఉంటాయి. లాగుడు బలం పడినప్పుడు అలాంటి ఒక లోపం కొన దగ్గర ఒత్తిడి కేంద్రీకృతమై బీట ఒక్కసారిగా పరుగెడుతుంది. గాజు విషయంలో ఈ సంగతిని గ్రిఫిత్ అనే ఇంజనీరు 1921లో లెక్కలతో సహా వివరించాడు, పింగాణీకీ అదే వర్తిస్తుంది. సుత్తితో కొట్టినప్పుడు దెబ్బ తగిలిన చోటికి అవతలి వైపున పళ్ళెం వంగి, ఒకేసారి అనేక లోపాలు నోరు తెరుస్తాయి. నిప్పర్ మాత్రం అంచున ఒకే ఒక్క చోట, పైనుంచీ కిందనుంచీ ఎదురెదురుగా నొక్కి, ఒకే బీటను మొదలుపెడుతుంది. ఆ ఒక్క బీట నడకను అర్థం చేసుకుంటే చాలు.

ఆ నడకకు గట్టి అలవాట్లు మూడు ఉన్నాయి. మొదటిది, బీట తనకు రెండువైపులా సమానమైన వెడల్పు ఉన్నప్పుడు తిన్నగా పోతుంది. ఒకవైపు సన్నగా ఉంటే ఆ సన్నవైపు ఎక్కువగా వంగుతుంది కనుక బీట కూడా అటే తిరిగి, మనం అనుకున్న చోటికి చేరకముందే పక్క అంచున బయటపడుతుంది. రెండవది, పలుచని చోటు నుంచి మందమైన చోటికి వెళ్ళడానికి అది ఇష్టపడదు. పళ్ళెం అడుగున ఉండే గట్టు దగ్గరికి వచ్చినప్పుడు దాన్ని దాటకుండా తరచుగా దాని వెంబడే తిరుగుతుంది. మూడవది, ఎంత ఎక్కువ బలం పెడితే అంత ఎక్కువ శాఖలుగా చీలుతుంది. నిప్పర్‌ను బలంగా పట్టి ఒక్కసారిగా నొక్కేవాళ్ళకు పెంకులు ఎక్కువగా రావడానికి కారణం ఇదే.

ఇక కొన్ని పళ్ళాలు మాట వింటున్నాయి, కొన్ని వినడం లేదు అన్నారు. అవి బహుశా ఒకే రకం పళ్ళాలు కావు. వాడుకలో అన్నింటినీ పింగాణీ అనే అంటాము గానీ, లోపలి మట్టిని బట్టి అవి నాలుగు రకాలు. తక్కువ వేడిలో, అంటే సుమారు 1000 నుంచి 1150 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాల్చిన ఎర్తెన్‌వేర్ మెత్తనిది, నీటిని పీల్చుకునేది. 1200 నుంచి 1300 డిగ్రీల దాకా కాల్చిన స్టోన్‌వేర్ గట్టిగా, బరువుగా ఉంటుంది. అసలు పోర్సెలిన్‌లో కొన్ని రకాలను 1400 డిగ్రీల వరకూ కాలుస్తారు కనుక దాని లోపలి భాగం దాదాపు గాజులా మారి ఉంటుంది. నాలుగవది బోన్ చైనా. దాని సంప్రదాయ మిశ్రమంలో సగం పాళ్ళు ఎముకల బూడిదే ఉంటుంది, మిగిలిన సగం చైనా మట్టి, చైనా రాయి. ఇది పలుచగా ఉన్నా ఆశ్చర్యపోయేంత బలంగా ఉంటుంది.

వీటిని గుర్తుపట్టడం కష్టం కాదు. పళ్ళేన్ని దీపానికి అడ్డంగా పట్టుకుని వెనుక వేళ్ళు కదిలించండి. నీడ కదలడం కనిపిస్తే అది పోర్సెలిన్ గానీ బోన్ చైనా గానీ అయి ఉంటుంది. వెలుగు కాస్త వెచ్చని పాలరంగులో ఉంటే బోన్ చైనా అని అనుకోవచ్చు. నీడ అసలు కనిపించకపోతే అడుగున మెరుపు పూత లేని చోట, లేదా ఎక్కడైనా పెచ్చు ఊడిన చోట ఒక నీటి బొట్టు వేయండి. బొట్టు కొద్దిసేపట్లో ఇంకిపోతే అది ఎర్తెన్‌వేర్. అలాగే నిలిచి ఉంటే స్టోన్‌వేర్ లేదా మందపాటి హోటల్ సామాను. మెరుపు పూత మీద వలలాంటి సన్నని నెర్రెలు ఉన్న పాత పళ్ళాలు చాలావరకు ఎర్తెన్‌వేరే.

నిప్పర్‌కు అన్నిటికన్నా సులువుగా లొంగేది ఎర్తెన్‌వేర్. అయితే దాని మెరుపు పూత లోపలి మట్టి కన్నా గట్టిది కనుక తెగిన అంచు వెంబడి పూత చిన్న చిన్న పెచ్చులుగా లేస్తుంది. ఆ పెచ్చుల వల్ల బొమ్మ అంచు కాస్త గరుకుగా కనిపిస్తుందని ముందే లెక్కలో పెట్టుకుని, గీతకు ఒకటి రెండు మిల్లీమీటర్లు బయటగా కత్తిరించాలి. బోన్ చైనా శుభ్రంగా, పదునైన అంచుతో తెగుతుంది, కానీ బీట పొడవైన వంపులో పరుగెత్తే స్వభావం దానికి ఎక్కువ. మందపాటి పోర్సెలిన్, హోటల్ సామాను, బరువైన స్టోన్‌వేర్ చేతి నిప్పర్‌కు తగిన వస్తువులు కావు. వాటిని నీటితో నడిచే టైల్ రంపానికి వదిలేయండి, లేదా సుత్తికి వదిలేయండి. మీ దగ్గర మాట వినని పళ్ళాలు ఈ కోవకు చెందినవే అయితే వాటితో కుస్తీ పట్టి మణికట్టు నొప్పి తెచ్చుకోవడంలో అర్థం లేదు.

అసలు కత్తిరించకూడనివి కొన్ని ఉన్నాయి. పలుచగా, తేలికగా, అంచు దగ్గర కొద్దిగా పాలగాజులా కనిపించే, సులభంగా పగలని డిన్నర్ పళ్ళాలు పింగాణీ కావు. అవి పొరలుగా అతికించిన లేదా వేడితో గట్టిపరచిన గాజు. వాటి లోపల ఒత్తిడి బంధించి ఉంటుంది కాబట్టి నిప్పర్ తగలగానే సూదుల్లాంటి ముక్కలుగా పేలిపోతాయి. మెలమైన్ పళ్ళెం ప్లాస్టిక్, దాని సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ఇంకొకటి, ఫియెస్టా అనే అమెరికన్ బ్రాండు పాత సామానులో ముదురు నారింజ ఎరుపు పళ్ళాలు. 1936 నుంచి 1943 వరకు, మళ్ళీ 1959 నుంచి 1972 వరకు ఆ రంగు పూతలో యురేనియం ఆక్సైడ్ వాడారు. అలమరలో పెట్టి చూసుకోవడం వేరు, దాన్ని కత్తిరించి ధూళి చేయడం వేరు. అలాంటి పళ్ళెం ఉంటే అలాగే ఉంచండి. పైగా సేకరించేవాళ్ళ దృష్టిలో పగలని పళ్ళేనికే విలువ. ఏ పాత సెట్టునైనా ముక్కలు చేసే ముందు వెనకనున్న ముద్రను ఒకసారి పరిశీలించడం మంచిదని నా అభిప్రాయం. మొజాయిక్‌కు పెచ్చు ఊడినవి, బీట వారినవి, జత తప్పినవి చాలు.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. పళ్ళేన్ని కడిగి, ఆరబెట్టి, ముందుగా బోర్లా తిప్పి అడుగు గట్టును చూడండి. ఆ గట్టు వృత్తానికీ, ముందువైపున్న బొమ్మకూ ఉన్న సంబంధమే మీ ప్రణాళిక మొత్తాన్ని నిర్ణయిస్తుంది. దీపానికి అడ్డంగా పట్టి గానీ, రెండువైపులా అంచు నుంచి కొలిచి గానీ, గట్టు ఎక్కడ వస్తుందో ముందువైపున మార్కర్ పెన్నుతో గీయండి. మెరుపు పూత మీద గీసిన గీత స్పిరిట్‌తో తుడిస్తే పోతుంది. బొమ్మ మొత్తం ఆ వృత్తం లోపలే ఇమిడి ఉంటే మీ అదృష్టం బాగున్నట్టే, ఎందుకంటే బయటి నుంచి వచ్చే బీటలను గట్టు చివరిదాకా అడ్డుకుంటుంది. బొమ్మ గట్టును దాటి బయటికి విస్తరించి ఉంటే నిప్పర్ ఒక్కదానితో దాన్ని పూర్తిగా కాపాడగలమని చెప్పలేను. ఆ సందర్భానికి తర్వాత వస్తాను.

చక్రాల నిప్పర్‌ను పట్టుకునే తీరు గురించి రెండు మాటలు. చక్రాలు ఏ దిశలో నిలబడి ఉంటాయో బీట సుమారుగా ఆ దిశలోనే పోతుంది, కాబట్టి ముందు గీతను ఊహించుకుని చక్రాలను ఆ గీతకు వరుసగా నిలపాలి. పిడులను చివర్లో పట్టుకోండి. దగ్గరగా పట్టుకుంటే రెట్టింపు బలం పెట్టాల్సి వస్తుంది, అదుపు తప్పుతుంది. చక్రాలు పళ్ళెం అంచు మీద 3 నుంచి 5 మిల్లీమీటర్ల మేర మాత్రమే పడాలి. లోపలిదాకా తోసి కొరికించడం కొత్తవాళ్ళు అందరూ చేసే పని, ముక్క నలిగిపోవడానికి అదే దారి. నెమ్మదిగా బలం పెంచుతూ పోతే ఒక దశలో టక్కుమని శబ్దం వచ్చి బీట తనంతట తాను పోతుంది. కొన్నాళ్ళకు చక్రాలు ఒకే చోట మొద్దుబారుతాయి. అలెన్ కీతో (ఆరు పలకల కొన ఉన్న చిన్న కీ) మరను కొద్దిగా వదులు చేసి చక్రాన్ని కాస్త తిప్పి బిగిస్తే కొత్త పదును దొరుకుతుంది. ఈ చిన్న సంగతి తెలియక నిప్పర్‌ను పారేసేవాళ్ళు ఉన్నారు.

బొమ్మను కాపాడాలంటే మొదట పళ్ళెం అంచు పట్టీని తీయాలి. పట్టీకి అడ్డంగా, కేంద్రం వైపు చూసేలా నిప్పర్ నిలిపి ఒక గాటు వేయండి. బీట లోపలికి వచ్చి, సాధారణంగా పట్టీ కిందికి వంగే మలుపు దగ్గరో అడుగు గట్టు దగ్గరో పక్కకు తిరుగుతుంది, అలా ఒక పెద్ద చంద్రవంక ముక్క విడివడుతుంది. అక్కడి నుంచి విరిగిన కొనను ఆధారంగా చేసుకుని చుట్టూ ముందుకు సాగాలి. ఎప్పుడూ బొమ్మకు దూరంగా ఉన్న పదార్థాన్నే తీస్తూ, బొమ్మ చుట్టూ కనీసం రెండు వేళ్ళ వెడల్పు మిగిలి ఉన్నంతవరకు మాత్రమే పెద్ద గాట్లు వేయండి. ఆ తర్వాత నిప్పర్‌ను వాడే పద్ధతి మారాలి. ఇక కేంద్రం వైపు చూసే గాట్లు వద్దు. చక్రాలను బొమ్మ అంచుకు సమాంతరంగా, అంటే వృత్తాన్ని పక్కనుంచి తాకే దిశలో నిలిపి, 2 మిల్లీమీటర్ల మందాన చిన్న చిన్న చెక్కులు తీస్తూ పోవాలి. ఎలుక కొరికినట్టు సాగే ఈ పని విసుగు పుట్టిస్తుంది, కానీ బొమ్మ మీదుగా బీట పోవడం ఆగేది ఇక్కడే. మీరు ప్రతిసారీ బొమ్మను పోగొట్టుకోవడానికి కారణం చివరిదాకా కేంద్రం వైపే గాట్లు వేయడం అయి ఉంటుందని మీ వివరణను బట్టి అనిపిస్తోంది.

అడుగు గట్టు ఇప్పుడు మిగిలింది. దాన్ని తీయాలా వద్దా అన్నది ముందు ఆలోచించండి. బల్ల మీద సిమెంటు అంటు పొర 6 నుంచి 8 మిల్లీమీటర్ల మందం వేయదలచుకుంటే గట్టు అందులోనే మునిగిపోతుంది, తీయవలసిన అవసరమే ఉండదు. తీయాలనుకుంటే చక్రాల నిప్పర్ కన్నా అడ్డ దవడలున్న మామూలు టైల్ నిప్పర్ మేలు. దవడలు పళ్ళెం పలకను కాకుండా గట్టును మాత్రమే రెండు పక్కల నుంచి పట్టాలి. అలా పట్టి కొంచెం కొంచెంగా నలిపితే గట్టు పెళ్ళలుగా రాలిపోతుంది, పలక నిలుస్తుంది. పలుచని బోన్ చైనాలో ఈ నలపడం ప్రమాదకరం. దానికి నీటిలో తడిపిన డైమండ్ రాపిడి పలకతో రుద్ది గట్టును అరగదీయడమే సరైనది.

బొమ్మ గట్టును దాటి ఉన్నప్పుడు, లేదా ఆకులు, రేకుల వంటి లోపలికి వంగిన ఆకారం కావాలనుకున్నప్పుడు, డైమండ్ బ్లేడు అవసరమవుతుంది. పళ్ళు లేని, అంచు అంతా ఒకటిగా ఉండే డైమండ్ బ్లేడు బిగించిన నీటి రంపం తిన్నని కోతలకు పనికి వస్తుంది. వంపు కోతలకు డైమండ్ పూత పూసిన ఉంగరపు రంపం గానీ, చేతి రోటరీ యంత్రానికి బిగించిన చిన్న డైమండ్ చక్రం గానీ కావాలి. రోటరీ యంత్రంతో మొత్తం మందాన్నీ కోయనక్కర్లేదు. వెనకవైపు మందంలో మూడో వంతు లోతున గాడి చేసి, ఆ గాడి మొదట్లో నిప్పర్‌తో మెల్లగా నొక్కితే బీట గాడిని పట్టుకుని పోతుంది. చోటు తడిగా ఉండాలి, అయితే విద్యుత్ యంత్రం మీద నీళ్ళు పడకూడదు. అందుకే తడి స్పాంజి మీద పళ్ళేన్ని పెట్టి, మధ్యమధ్య నీరు చిలకరిస్తూ చేయడం మంచిది. గాజు కోసే గీటుకత్తి గురించి కూడా కొందరు చెబుతారు. చదునైన, పలుచని పళ్ళెం మధ్యభాగంలో మెరుపు పూత మీద ఒక్కసారి గట్టిగా గీసి, గాజు విరిచే పటకారుతో విరిస్తే అది పనిచేస్తుంది. వంపు ఉన్నచోట నాకు దాని మీద నమ్మకం లేదు.

అంచు పట్టీ ముక్కల విషయంలో పైన చెప్పిన మొదటి అలవాటు పూర్తిగా ఉపయోగపడుతుంది. పెద్ద చంద్రవంక ముక్కను ఒక కొసనుంచి చిన్న చిన్న తుంపులుగా కోసుకుంటూ పోతే ప్రతి గాటులోనూ ఒకవైపు సన్నగా, ఒకవైపు వెడల్పుగా ఉంటుంది, బీట వంకర పోతుంది. అలా కాకుండా ముక్కను సరిగ్గా మధ్యలో రెండు చేయండి, ప్రతి సగాన్నీ మళ్ళీ మధ్యలో రెండు చేయండి. ఇలా సగాలు చేసుకుంటూ పోతే చివరికి వచ్చే ముక్కలు ఆశ్చర్యపోయేంత సమానంగా ఉంటాయి. తీగల పట్టీలో పువ్వు, ఆకు మళ్ళీ మళ్ళీ వస్తూ ఉంటాయి కనుక కొలబద్ద కన్నా ఆ ఆవృత్తినే కొలతగా తీసుకోండి. ప్రతి ముక్కలోనూ ఒక పూర్తి పువ్వు వచ్చేలా మధ్య బిందువులను మార్కర్‌తో ముందే గుర్తించుకోవచ్చు. గుర్తించే ముందు ఒక్క విషయం గమనించండి: ఈ ముక్కలు బయటివైపు వెడల్పుగా, లోపలివైపు ఇరుకుగా ఉంటాయి. బల్ల మీద బొమ్మ చుట్టూ వలయంగా అమర్చేటప్పుడు ఆ ఆకారం మీకు సాయం చేస్తుంది. చతురస్రపు బల్ల అంచున తిన్నగా పేర్చాలంటే మాత్రం ఒకదాన్ని తిన్నగా, పక్కదాన్ని తలకిందులుగా పెట్టాలి, లేకపోతే వెడల్పు వైపును కొద్దిగా చెక్కాలి. తలకిందులుగా పెడితే తీగ కలవదు. అందుకని మీరు చెప్పిన నమూనాకు గుండ్రని బల్లే అనువైనదని నా ఉద్దేశం.

సుత్తిని నేను తక్కువ చేసి మాట్లాడడం లేదు. బార్సెలోనాలోని పార్క్ గ్వెల్‌లో పాములా వంపులు తిరిగిన బెంచీని పగిలిన టైళ్ళ ముక్కలతోనే కప్పారు. వాస్తుశిల్పులు గౌడీ, జుజోల్‌ల పని అది. చండీగఢ్‌లో నేక్‌చంద్ నిర్మించిన రాక్ గార్డెన్‌లోనూ, లాస్ ఏంజెలెస్‌లో సైమన్ రోడియా 1921 నుంచి 1954 వరకు ఒంటరిగా కట్టిన వాట్స్ టవర్స్‌లోనూ విరిగిన పళ్ళాల, గిన్నెల పెంకులు కనిపిస్తాయి. వంపు ఉన్న తలం మీద ముక్క ఎంత చిన్నదైతే అంత చక్కగా కూర్చుంటుంది కాబట్టి అక్కడ అడ్డదిడ్డమైన పెంకే సరైన ముక్క. మీ బల్లలో కూడా బొమ్మకూ పట్టీకీ మధ్య ఖాళీని నింపడానికి సాదా తెల్లని ముక్కలు కావాలి, వాటిని సుత్తితోనే చేసుకోండి. పళ్ళేన్ని ముఖం కిందికి ఉండేలా మందపాటి గుడ్డ మీద పెట్టి, పైన ఇంకో గుడ్డ కప్పి, అడుగు గట్టుకు మధ్యభాగంలో తేలికగా ఒక దెబ్బ వేయండి. మూడో నాలుగో పెద్ద ముక్కలు వస్తాయి. వాటిని విడివిడిగా మళ్ళీ కొట్టడం కన్నా నిప్పర్‌తో సగాలు చేయడం మేలు.

రక్షణ గురించి మీరు అడగలేదు, అయినా ఇది చెప్పకుండా వదిలే విషయం కాదు. పింగాణీ మట్టిలో స్ఫటిక రూపంలో సిలికా ఉంటుంది. కోత, రాపిడి వల్ల లేచే సన్నని ధూళి ఊపిరితిత్తులలో చేరితే తిరిగి రాదు; అది సిలికోసిస్‌కు కారణమవుతుంది, పనిచోట్ల పీల్చే స్ఫటిక సిలికాను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే మనుషులలో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. నిప్పర్‌తో కొరికేటప్పుడు లేచే ధూళి తక్కువ, పొడిగా రాపిడి చేస్తే లేచేది చాలా ఎక్కువ. అందువల్ల రాపిడి, రంపపు కోత ఎప్పుడూ తడిగానే చేయాలి, ఎన్-95 స్థాయి మాస్కు పెట్టుకోవాలి, పని అయ్యాక చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవాలి. పాత పళ్ళాల మెరుపు పూతలోనూ, దాని పైన వేసిన రంగులలోనూ సీసం ఉండే అవకాశం ఉంది. ప్రకాశవంతమైన ఎరుపు, పసుపు రంగులలో కాడ్మియం ఉండవచ్చు. వంట చేసే చోట ఈ పని పెట్టుకోవద్దు, చిన్నపిల్లలను దగ్గరికి రానివ్వవద్దు, ముగించాక చేతులు కడుక్కోకుండా ఏమీ తినవద్దు. పక్కలు కూడా మూసి ఉండే రక్షణ కళ్ళజోడు తప్పనిసరి. మామూలు కళ్ళజోడు చాలదు, ఎందుకంటే పెంకు ఎదురుగా కన్నా పక్కనుంచే ఎక్కువగా ఎగురుతుంది. నిప్పర్‌నూ ముక్కనూ పెద్ద పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి లోపల పట్టుకుని కొరికితే పెంకులు గదంతా చెదరవు. ముక్కను పట్టుకునే చేతికి కోతను తట్టుకునే పలుచని తొడుగు వేసుకోవచ్చు. మందపాటి తోలు తొడుగు వేసుకుంటే స్పర్శ తెలియక ముక్క జారుతుంది.

అన్ని అంచులనూ నునుపు చేయాల్సిన పని లేదు. గ్రౌట్ (ముక్కల మధ్య సందులను నింపే ముద్ద) లోపల మునిగే అంచు ఎలా ఉన్నా ఫరవాలేదు. గ్రౌట్ కన్నా పైకి నిలిచే అంచు, బల్ల చివర చేతికి తగిలే అంచు మాత్రం తడిపిన సానరాయితో నాలుగైదుసార్లు ఏటవాలుగా రుద్దాలి. రుద్దేటప్పుడు మెరుపు పూత వైపు నుంచి మట్టి వైపుకే కదిలించండి, ఎదురు దిశలో రుద్దితే పూత పెచ్చులు లేస్తుంది.

బల్ల పైభాగం అంటే సమతలంగా ఉండాలి, పళ్ళెం ముక్కలలో కష్టం అక్కడే ఉంది. మధ్యభాగం ముక్కలు దాదాపు చదునుగా ఉంటాయి, మలుపు దగ్గరి ముక్కలు గరిటెలా వంగి ఉంటాయి, అంచు ముక్కలు వాలుగా ఉంటాయి. మలుపు ముక్కలను ఈ పనిలోంచి పూర్తిగా తీసివేయండి, పూలకుండీకో అద్దపు చట్రానికో దాచుకోవచ్చు. మిగిలినవాటిని మందాన్ని బట్టి వేరు చేసి, నమూనాను ముందుగా జిగురు ఉన్న పారదర్శక పొర మీద ముఖాలు కిందికి ఉండేలా పేర్చుకుంటే పై ముఖాలన్నీ ఒకే మట్టానికి వస్తాయి, మందంలోని తేడా అంతా వెనక అంటు పొరలో సర్దుకుంటుంది. ఇలా పేర్చినప్పుడు నమూనా కుడి ఎడమలు తారుమారై కనిపిస్తుందని గుర్తుంచుకోండి. పాలిమర్ కలిపిన సిమెంటు టైల్ అంటు వాడండి. తెల్లని చెక్క జిగురు ఇంటి లోపల, తడి తగలని చోట మాత్రమే నిలుస్తుంది. బల్ల ఆరుబయట ఉండేదైతే కింద చెక్క కాకుండా సిమెంటు బోర్డు ఉండాలి, ఎందుకంటే తేమకు చెక్క ఉబ్బి తగ్గుతూ ముక్కలను ఊడదీస్తుంది. గడ్డకట్టే చలి ఉండే ప్రాంతంలో నీరు పీల్చే ఎర్తెన్‌వేర్ ముక్కలు ఆరుబయట పెడితే లోపలి నీరు మంచుగా మారి వాటిని పగలగొడుతుంది.

ముక్కల మధ్య సందు 3 మిల్లీమీటర్ల కన్నా తక్కువగా ఉంటే ఇసుక లేని గ్రౌట్, అంతకన్నా ఎక్కువైతే ఇసుక కలిసిన గ్రౌట్ వాడాలి. పళ్ళాల మీద బంగారు గీత ఉంటే ఇసుక గ్రౌట్ రుద్దుడుకు అది గీతలు పడుతుంది, కనుక సందులు ఇరుకుగా ఉంచుకోవడం మంచిది. వల నెర్రెలున్న ముక్కల మీద ముదురు రంగు గ్రౌట్ వేస్తే ఆ రంగు నెర్రెలలోకి దిగి శాశ్వతంగా మిగిలిపోతుంది. కొందరు దాన్ని అందంగా భావిస్తారు, మీకు వద్దనుకుంటే గ్రౌట్ వేయక ముందే ముక్కల ముఖాల మీద, తెగిన అంచుల మీద రాతికి వాడే సీలర్ (రంగూ నీరూ ఇంకకుండా అడ్డుకునే ద్రవం) పూయండి. గ్రౌట్ ఆరాక మిగిలే తెల్లని మసకను పొడి గుడ్డతో రుద్ది తీయాలి. వెనిగర్ వంటి ఆమ్లాలు వాడితే మెరుపు పూత పైన వేసిన రంగులూ బంగారమూ మసకబారతాయి, గ్రౌట్ కూడా దెబ్బతింటుంది. పూర్తయిన బల్ల మీద కప్పులు, పుస్తకాలు పెట్టుకోవచ్చు. రంగులలో సీసం ఉండే అవకాశం ఉంది కనుక ఆహారాన్ని నేరుగా దాని మీద పెట్టవద్దు.